లంగా నాడా కింద ఏ బ్యాగ్? వన్ పీస్, టూ పీస్ రెండూ వాడాక నేను చెప్పేది

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు చేతిలో ఒక చీటీ పెట్టారు. మందుల పేర్ల కింద చివరి లైన్‌లో "కొలోస్టమీ బ్యాగులు - 10" అని రాసి ఉంది. పొట్ట మీద ఆపరేషన్‌తో పెట్టిన దారి నుంచి వచ్చే మోషన్ పట్టే సంచులవి. అంతే. మా ఆయన ఆ చీటీ పట్టుకొని సర్జికల్ షాపుకు పోతే, "వన్ పీసా, టూ పీసా?" అని అడిగారట. ఆయనకు తెలియదు. నాకు ఫోన్ చేశాడు. నాకూ తెలియదు. "ఏది ఎక్కువ రేటుంటే అది తీసుకురా, మంచిదే అయి ఉంటుంది" అన్నాను. అట్లా మా ఇంటికి ముందు టూ పీస్ వచ్చింది.

ఆ ఫోన్ మాట్లాడిన రోజు నాకు ఎవరైనా పది నిమిషాలు కూర్చొని చెప్పి ఉంటే ఎంతో బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను. రెండు రకాలూ వాడాను, ఇప్పుడూ రెండూ ఇంట్లో ఉన్నాయి.

హనుమకొండ కుమార్‌పల్లిలో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. ఇరవై ఏళ్ల పైనుంచి జాకెట్లు కుడుతున్నాను. 2022 జూన్‌లో మలద్వారానికి బాగా దగ్గరగా క్యాన్సర్ గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. కింది దారి మూసేసి, పెద్దపేగు చివరను పొట్ట మీద ఎడమవైపు బయటికి తీసి కుట్టారు. దాన్నే స్టోమా అంటారు. కొందరికి కొన్ని నెలలకు మళ్లీ లోపల కలుపుతారు. నాది అట్లా కాదు, ఎప్పటికీ ఉండేదే. ఎర్రగా, తడిగా, పెదవి లోపలి భాగంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు, తుడిచేటప్పుడు ఒక చుక్క రక్తం కనిపించినా భయపడేది లేదు. నేను మాత్రం మొదటి వారం దాన్ని చూడలేక ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. మా పెద్దమ్మాయే మార్చేది.

రెండింటికీ తేడా ఇది. పొట్టకు అతుక్కునే మెత్తటి పట్టీ ఒకటి, మోషన్ పడే సంచి ఒకటి ఉంటాయి. రెండూ కలిపి ఒకటిగా వస్తే వన్ పీస్. పట్టీ విడిగా, సంచి విడిగా వచ్చి, మధ్యలో రింగుతో నొక్కి కలిపేదైతే టూ పీస్. ఆ పట్టీని మేం ప్లేట్ అంటాం. టూ పీస్‌లో ప్లేట్ పొట్ట మీదే మూడు నాలుగు రోజులు ఉంటుంది, సంచి మాత్రం తీసి వేరేది పెట్టుకోవచ్చు. వన్ పీస్‌లో సంచి మార్చాలంటే పట్టీ కూడా ఊడదీయాల్సిందే. ఒక మాట గట్టిగా చెప్పాలి, చాలామందికి ఇక్కడే పొరపాటు పడుతుంది: ఖాళీ చేయడానికి బ్యాగ్ ఊడదీయనక్కర్లేదు. కింద మూతి తెరిచే బ్యాగులు రెండు రకాల్లోనూ దొరుకుతాయి. సంచి మూడో వంతు నిండగానే, మరీ ఆలస్యమైతే సగానికి, ఖాళీ చేసేయాలి. బరువెక్కితే పట్టీ కిందికి లాగుతుంది, అంచు లేస్తుంది.

టూ పీస్‌తో మొదటి కష్టం నొక్కడం. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. రింగు మీద సంచి పెట్టి చుట్టూ నొక్కుతుంటే పొట్ట లోపలికి పోయినట్టు ఉండేది, పళ్లు బిగపట్టుకునేదాన్ని. తర్వాత చెకప్‌కు పోయినప్పుడు ఒక నర్సమ్మ చూపించింది: "ప్లేట్ మీద నుంచి పొట్టను నొక్కకు బిడ్డా, రింగు కింద వేళ్లు పెట్టి, బొటనవేళ్లతో పైనుంచి నొక్కు." కొన్ని కంపెనీల ప్లేట్లలో రింగు కింద వేలు దూరేంత సందు ఉంటుంది. హోలిస్టర్ వాళ్ల న్యూ ఇమేజ్ అట్లాంటిదే. అది తెలిశాక నొప్పి పోయింది. ముందే చెబితే మూడు వారాలు ఏడ్చేదాన్ని కాదు.

అయితే ఆ మొదటి రెండు నెలలు టూ పీస్ చేసిన మేలు కూడా చెప్పాలి. సంచి తీస్తే స్టోమా కళ్లెదుట ఉంటుంది. రంగు ఎట్లా ఉంది, వాపు తగ్గిందా, చుట్టూ చర్మం ఎర్రబడిందా అని పట్టీ ఊడదీయకుండానే చూసుకోవచ్చు. గ్యాస్ నిండి సంచి బుడగలా ఉబ్బితే, బాత్రూంలోకి పోయి రింగు పైఅంచు కొంచెం తెరిచి గాలి వదిలేసి మళ్లీ నొక్కేయొచ్చు. సంచికి బొగ్గు ఫిల్టర్ ఉంటుంది కానీ అది తడిస్తే పని చేయదు. శనగపప్పు, చిక్కుడుకాయ తిన్న రోజు నాకు ఈ సౌకర్యం బాగా పనికొచ్చేది.

ఇక కత్తిరించడం. ఇది నా పనికి దగ్గరి పని కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ప్లేట్ మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మన స్టోమా సైజుకు మనమే కత్తిరించుకోవాలి. డబ్బాలో గుండ్రటి రంధ్రాలున్న కొలత కార్డు వస్తుంది. స్టోమా మీద పెట్టి చూస్తే ఏ రంధ్రం సరిపోతుందో తెలుస్తుంది. దానికంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఎక్కువ కత్తిరించాలి, అంతకు మించొద్దు. ఎక్కువైతే మోషన్ చర్మం మీద పడి మంట, పుండు. తక్కువైతే అంచు స్టోమాను ఒరుస్తుంది. ఆపరేషన్ అయిన కొత్తలో నాది 38 మిల్లీమీటర్లు. వాపు తగ్గుతూ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కుంచించుకుపోతుందని ఎవరూ చెప్పలేదు. నేను మొదటి రోజు కత్తిరించిన కాగితం నమూనానే పెట్టుకొని నెల దాటినా 40కే కత్తిరిస్తున్నాను. చుట్టూ చర్మం పచ్చిమిరపకాయ రుద్దినట్టు మండింది. అప్పుడు మళ్లీ కొలిస్తే 28 వచ్చింది. పక్కింటి ఆవిడ బరువు తగ్గితే పాత కొలతతో జాకెట్ కుట్టనుగదా, నా ఒంటికే పాత కొలత పెట్టుకున్నాను. అప్పటి నుంచి మొదటి రెండు నెలలు వారానికోసారి కొలవమని కొత్తవాళ్లందరికీ చెబుతున్నాను. స్టోమా అందరికీ గుండ్రంగా ఉండదు కూడా. నాది కొంచెం కోలగా ఉంటుంది, కింది వైపు వెడల్పు. అందుకే జాకెట్ మెడ కత్తిరించే వంకర మొన కత్తెరతో కోస్తాను, తర్వాత అంచు మీద వేలు తిప్పి గరుకు పోయేదాకా నున్నగా చేస్తాను. ఈ కొలత పని రెండు రకాలకూ ఒకటే.

సెప్టెంబర్‌లో మళ్లీ మెషిన్ ముందు కూర్చున్నాను. బతుకమ్మ సీజన్, జాకెట్లు కుప్పపడ్డాయి. అక్కడే టూ పీస్‌తో నాకు తేడా వచ్చింది. మెషిన్ మీదికి వంగితే పొట్ట మడత సరిగ్గా స్టోమా కింద పడుతుంది. చీర కట్టుకుంటే లంగా నాడా కూడా అక్కడికే వస్తుంది. గట్టి ప్లాస్టిక్ రింగు వంగదు. ఒంటితో పాటు మడత పడదు. నేను వంగినప్పుడల్లా రింగు కింది అంచు పొట్టలోకి గుచ్చుకొని, పై అంచు పైకి లేచేది. సాయంత్రానికి నాడా ఒత్తిన చోట ఎర్రటి గీత, దాని పక్కనే ప్లేట్ అంచు గోరుతో గీకినట్టు లేచి ఉండేది. ఒక రోజు సూదిలో దారం ఎక్కిస్తుంటే వెచ్చగా తడి తగిలింది. ఎదురుగా కస్టమర్ కూర్చొని ఉంది. "వదినా, ఒక్క నిమిషం" అని లోపలికి పోయాను. ఆ పూట మళ్లీ షాపు తలుపు తీయలేదు.

నాడా పైకి కట్టి చూశాను, స్టోమా పైనుంచి. సంచి లోపల మోషన్ కిందికి దిగకుండా పైనే ఆగిపోయింది. కింద కట్టి చూశాను, చీర జారింది. చివరికి నాడా తీసేసి, వెడల్పు ఎలాస్టిక్ బెల్టు వేసి, సంచి దిగడానికి కుచ్చిళ్ల పక్కన చోటు వదిలి నాకోసం లంగాలు కుట్టుకున్నాను. బాధ సగం తగ్గింది. మిగతా సగం రింగుదే.

ఇంకోటి కూడా టూ పీస్‌తోనే జరిగింది. ఒక షాపులో ప్లేట్ 50, సంచి 60 సైజు కలిపి ఇచ్చారు. డబ్బాలు రెండూ ఒకే రంగులో ఉన్నాయి, నేను చూసుకోలేదు. మా మరిది బిడ్డ పెళ్లికి జనగామ పోయాం, ఫంక్షన్ హాల్ బాత్రూంలో సంచి మార్చబోతే రింగులు కలవడం లేదు. ఎంత నొక్కినా కలవవు కదా. పాత సంచినే కడిగి మళ్లీ పెట్టుకొని, తలంబ్రాలు కూడా చూడకుండా వచ్చేశాం. టూ పీస్ కొనేవాళ్లు ప్లేట్ మీద, సంచి మీద రింగు సైజు రెండూ షాపులోనే చూసుకోవాలి. ఒక కంపెనీ ప్లేట్‌కు ఇంకో కంపెనీ సంచి పడదు. న్యూ ఇమేజ్‌లో సైజును బట్టి రంగులు పెట్టారు, 44కు ఆకుపచ్చ, 57కు ఎరుపు, 70కి నీలం. చదువు రానివాళ్లకు కూడా ఇది బాగా పనికొస్తుంది.

ఆ పెళ్లి తర్వాత వన్ పీస్ తెప్పించుకున్నాను. మొదటి రోజే తేడా తెలిసింది. మొత్తం మెత్తగా ఉంటుంది, వంగితే ఒంటితో పాటు వంగుతుంది. గట్టి రింగు లేదు కాబట్టి జాకెట్ కింద, చీర కింద ఉబ్బెత్తుగా కనిపించదు. మెషిన్ ముందు ఆరు గంటలు కూర్చొని లేచినా అంచు లేవలేదు. ఆ రాత్రి మా ఆయనతో "ఇయ్యాల యాదికి కూడా రాలే" అన్నాను. నాకు అంతకంటే పెద్ద మాట లేదు.

కష్టం ఎక్కడంటే పెట్టుకోవడంలో. ప్లేట్ విడిగా ఉంటే రంధ్రంలోంచి స్టోమా కనిపిస్తుంది, సరిగ్గా కూర్చోబెట్టొచ్చు. వన్ పీస్‌కు ముందు సంచి అడ్డం. గుడ్డిగా పెడితే ఒక పక్క స్టోమా అంచు మీద పట్టీ ఎక్కుతుంది. నేను చేసేది ఇది: గోడకు అద్దం, వెలుతురు ఎదురుగా. నిటారుగా నిలబడి పొట్ట బిగించి, పట్టీ వెనక కాగితం తీసి, సగానికి మడిచినట్టు పట్టుకొని, ముందు రంధ్రం కింది అంచును స్టోమా కింది అంచుకు ఆనిస్తాను. అక్కడ సరిపోయిందని చూసుకొని మెల్లగా పైకి అతికిస్తాను. తర్వాత అరచేయి దాని మీద పెట్టి రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంటాను. ఒంటి వేడికి జిగురు పట్టుకుంటుంది. లోపల కనిపించే పారదర్శకం సంచి మొదట్లో తీసుకుంటే ఈ పని తేలిక. అలవాటయ్యాక చర్మం రంగు సంచికి మారొచ్చు.

చర్మం గురించి ఒక మాట. మా అత్తమ్మ నా మంట చూడలేక, రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసింది. ఎంతో ప్రేమతో రాసింది. తెల్లారేసరికి ప్లేట్ చేతిలోకి వచ్చింది. నూనె, క్రీము, పౌడరు, తేమనిచ్చే సబ్బు ఏది రాసినా జిగురు పట్టదు. మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి పాత నూలు గుడ్డతో అద్ది, బాగా ఆరనివ్వాలి. పుండు పడి తడి ఊరుతుంటే స్టోమా పౌడర్ అని వేరే వస్తుంది, అది చల్లి, ఎక్కువైనది దులిపి అతికించాలి. రోజూ ఊడదీస్తే చర్మం పొర పోతుంది. వన్ పీస్ అని ప్రతి మోషన్‌కూ మార్చేవాళ్లను చూశాను, ఆ పని మాత్రం చేయొద్దు.

ఎండాకాలం వరంగల్‌లో రెండు రకాలూ ఓడిపోతాయి. మే నెలలో చెమటకు నాలుగు రోజుల ప్లేట్ రెండు రోజులకే అంచు కరుగుతుంది. డబ్బాలు స్కూటర్ డిక్కీలో, కిటికీ దగ్గర పెట్టొద్దు. నేను బీరువా కింది అరలో, బట్టల మధ్య పెడతాను. సంచి ప్లాస్టిక్ ఒంటికి తగిలి చెమటకాయలు రాకుండా పాత కాటన్ చీరతో తొడుగులు కుట్టుకున్నాను. అడిగిన నలుగురికీ కుట్టిచ్చాను.

ఇదంతా చదివి వన్ పీసే మంచిదనుకుంటారేమో. చెకప్‌లో నర్సంపేట వైపు మిర్చి రైతు ఒకతను పరిచయమయ్యాడు, నన్ను అక్కా అంటాడు. అతనిది చిన్నపేగుతో పెట్టిన స్టోమా, కుడివైపు. దాన్ని ఇలియోస్టమీ అంటారు. నాకు రోజుకు ఒకటి రెండుసార్లు గట్టిగా వస్తే, అతనికి పగలూ రాత్రీ నీళ్లలా వస్తూనే ఉంటుంది. ఆరేడుసార్లు ఖాళీ చేయాలి. అందులో తిండిని అరిగించే రసాలు ఉంటాయి, చర్మం మీద పడితే గంటల్లో పుండు చేస్తాయి. అతను టూ పీసే వాడతాడు. పగలు చేనుకు పోయేటప్పుడు చిన్న సంచి, రాత్రి నిద్ర చెడకుండా పెద్ద సంచి, ప్లేట్ మాత్రం అదే ఉంటుంది. "చేన్ల నీళ్లెక్కడియి అక్కా, అద్దమెక్కడిది? టప్పున తీసి టప్పున పెట్టుకుంట" అన్నాడు. అతను లుంగీ కట్టేది స్టోమాకు బాగా కింద, కాబట్టి రింగు గుచ్చుకోదు. స్టోమా చర్మానికి సమానంగా, లోపలికి ఉన్నట్టు ఉంటే లోపలివైపు ఉబ్బెత్తుగా ఉండే ప్లేట్ అవసరం, అతనికి అదే ఇచ్చారు. అది మాత్రం సొంతంగా కొనొద్దు, నర్సు చూసి చెప్పాలి. ఇలియోస్టమీ ఉన్నవాళ్లు ఎండలో ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ దగ్గర పెట్టుకోవాలి, ఒంట్లో నీళ్లూ ఉప్పూ తొందరగా పోతాయి.

డబ్బు సంగతి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది కానీ బ్యాగులు మేమే కొనుక్కుంటున్నాం. నాకు పడ్డ లెక్క: వన్ పీస్ ఒకటి 210 రూపాయలు, రెండు రోజులకొకటి, నెలకు 15, మొత్తం 3150. టూ పీస్‌కు ప్లేట్ 320, నెలకు 8, అంటే 2560. సంచి 160, నెలకు 10, అంటే 1600. కలిపి 4160. జాకెట్ మీద బతికే ఇంటికి ఆ వెయ్యి తేడా చిన్నది కాదు. మొదటిసారి పెద్ద డబ్బా కొనకండి. షాపువాళ్లను విడిగా రెండు మూడు ఇమ్మని అడగండి, కంపెనీలకు ఫోన్ చేస్తే నమూనా పంపేవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి కోలోప్లాస్ట్, హోలిస్టర్, కన్వాటెక్. మొదటి రెండూ నేను వాడాను. జిగురు ఒక్కొక్కరి చర్మానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది మంచిది, అది చెడ్డది అని చెప్పను. రింగు బదులు సంచి ప్లేట్‌కు స్టిక్కర్‌లా అతుక్కునే టూ పీస్ కూడా ఉంది. రింగు గుచ్చుకుంటోంది కానీ టూ పీస్ వదలలేమనుకునేవాళ్లు అది చూడొచ్చు. అసలు పొట్టకు అతికించి, వాడి పారేసే సంచి ఆలోచన 1954లో డెన్మార్క్‌లో ఎలిసే సోరెన్సెన్ అనే నర్సుకు వచ్చింది. తోబుట్టువుకు స్టోమా ఆపరేషన్ అయి, నలుగురిలోకి రావడానికి భయపడుతుంటే చూడలేక ఆలోచించిందట. 1957లో కోలోప్లాస్ట్ దానితోనే మొదలైంది. ఇది తెలిసిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా పెద్దమ్మాయే గుర్తొచ్చింది.

2024 ఫిబ్రవరిలో మేడారం పోయాను. ఆపరేషన్ ముందు మొక్కుకున్న మొక్కు, తీర్చుకోవాల్సిందే. ఆ ప్రయాణానికి మాత్రం టూ పీస్ పెట్టుకున్నాను. బయలుదేరే ముందు ఇంట్లో తీరిగ్గా కొత్త ప్లేట్ అతికించుకుంటే, అక్కడ మూడు రోజులు దాన్ని ముట్టుకునే పని లేదు. కింద మూతి లేని చిన్న సంచులు ఎనిమిది పట్టుకుపోయాను. గుడారంలో చీర అడ్డం పెట్టుకొని, మా చెల్లె బయట నిలబడితే, తీసి కొత్తది నొక్కడం రెండు నిమిషాల పని. పాతది పేపర్లో చుట్టి, కవర్లో ముడివేసి చెత్త డబ్బాలో వేశాను. జంపన్న వాగులో మునిగే ముందు డబ్బాలో వచ్చే చిన్న స్టిక్కర్ ఫిల్టర్ మీద అంటించాను, నీళ్లు పోకుండా. ప్లేట్ కదల్లేదు. తడిబట్టలతోనే బెల్లం మోసుకొని గద్దెల దాకా నడిచాను.

ఇప్పుడు నా బీరువాలో వన్ పీస్ డబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుంది. దాని పక్కన ఐదు ప్లేట్లు, పది సంచులు, అన్నీ 57 సైజు, ఎర్ర రింగువి, రబ్బరు బ్యాండ్ వేసి విడిగా పెట్టాను. ఊరెళ్లే రోజు అవి తీస్తాను. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ల ఇంటివాళ్లు వస్తే, కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నాడా ఎక్కడ కడతారో, ఏం పని చేస్తారో అడుగుతాను. తర్వాత రెండు డబ్బాలూ తీసి టేబుల్ మీద పెడతాను.